పదకొండు గంటల మాత్ర

జూన్ 2, ఆదివారం

ఈ డైరీ లెన్సుల కంపెనీ వాళ్ళు జనవరిలో నా కళ్ళద్దాల షాపుకి ఇచ్చింది. అయిదు నెలలుగా నా సొరుగులో ఖాళీగా పడి ఉంది. ఇవాళ ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు. మనుషులకి చెబితే నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, ఇప్పుడు జబ్బుమనిషి మీద అనుమానమా అంటారు. అనుమానం కాదు. అనుమానమే అయితే నిలదీసి తేల్చుకునేదాన్ని.

ఆయన ఇవాళ నవ్వారు. అదీ సంగతి.

ఫిజియోథెరపీ అమ్మాయి వాళ్ళ మేడమీద హాల్లో ప్రతి ఆదివారం పదకొండున్నరకి పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళంతా చేరతారు. ఓ పన్నెండు మంది. ఆయన్ని మెట్ల దాకా దింపి రావడం నా డ్యూటీ. ఇవాళ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారని తీసుకుని వెనక్కి వెళ్ళాను. సగం మెట్లు ఎక్కేసరికే ఆ గొంతు వినబడింది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరందరికీ చెప్పిన గొంతు. జబ్బుకి పేరు పెట్టి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ గొంతు లేదు. ఇంట్లో ఉన్నది గుసగుస. ఏమన్నారండీ అని మూడుసార్లు అడిగితే, ఏం లేదులే అనే గుసగుస.

"ప్రయాణికులకు గమనిక" అంటున్నారు హాల్లో, కంచు మోగినట్టు. "మూడో కుర్చీలో కూర్చున్నవారు నడుము నిటారుగా నిలుపవలెను. వంగి కూర్చున్నచో బస్సు బయలుదేరదు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, పళ్ళు కనబడేలా. మూడో కుర్చీలో ఉన్నది కేకులావిడ. మూడు వీధుల అవతల కేకుల దుకాణం ఆవిడది. ఈ గుంపులో చేరి మూడు నెలలయింది. మొదటిరోజు కుడిచెయ్యి చున్నీలో దాచుకుని వచ్చిందట, ఎవరూ చూడకూడదని. ఇవాళ ఆ చేతినే గాల్లోకి ఎత్తి ఆయనకి టాటా చెబుతోంది.

నన్ను చూడగానే ఆయన నవ్వు ఆగిపోయిందని రాస్తే అబద్ధం. ఆయన నన్ను చూడనే లేదు. కళ్ళజోడు గుమ్మం పక్క కుర్చీలో పెట్టి వచ్చేశాను.

జూన్ 4, మంగళవారం

షాపులో బేరాల్లేవు. కూర్చుని లెక్క వేశాను.

మాత్రలు పొద్దున్న ఏడుకి, పదకొండుకి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి ఏడుకి. వేసుకున్న అరగంటకి బిగుసుకున్న ఒళ్ళు వదులవుతుంది. కాళ్ళు కదులుతాయి, గొంతు లేస్తుంది, ముఖం ఆయన ముఖమవుతుంది. రెండు గంటలు ఉంటుంది. తర్వాత ఎవరో మెయిన్ కట్టేసినట్టు మళ్ళీ మొద్దుబారిపోతారు.

ఏడింటి మాత్ర ఆయన ఒంటికే సరిపోతుంది. స్నానం, గడ్డం, వ్యాయామం, అద్దం ముందు "ఆ..." అని పదిహేను లెక్కపెట్టేదాకా గొంతు లాగడం. ఒక్కరోజు మానరు. ఆ పట్టుదలకి దణ్ణం పెట్టొచ్చు. నేను అప్పటికి వంటింట్లో ఒక కాలు, వీధిలో ఒక కాలు. తొమ్మిదికి షాపు తెరవాలి.

పదకొండింటి మాత్ర గుంపు వాళ్ళ ఫోన్లకి. ఒకరి తర్వాత ఒకరికి చేస్తారు. లేచారా, వేసుకున్నారా, నడిచారా.

నేను ఒంటిగంటన్నరకి షాపు కట్టి ఇంటికి వచ్చేసరికి అది దిగిపోతుంటుంది. మూడింటి మాత్ర ఎక్కేసరికి నేను నాలుగింటికి మళ్ళీ షాపుకి బయలుదేరతాను. రాత్రి ఎనిమిదింపావుకి వస్తే, చెవిలో ఫోను.

నేను గడప దాటగానే ఆయన మనిషవుతారు. నేను గడప లోపలికి రాగానే బొమ్మవుతారు. ఇది ఆ మాత్ర తయారుచేసినవాడికి తెలుసా?

జూన్ 5, బుధవారం

మధ్యాహ్నం వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్ర కాదు, నాకు తెలుసు.

జూన్ 7, శుక్రవారం

కేకులావిడ ఒక డబ్బా పంపింది. కేకు చుట్టూ నీలం క్రీముతో అలలు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉన్నాయి.

దాని కథ రాత్రి ఆయన ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు, విన్నాను. చెయ్యి వణికి గీత తిన్నగా రావడం లేదని ఆవిడ దుకాణం మూసేద్దామనుకుందట. ఈయన అన్నారట, "వణకనివ్వండి. తిన్నని గీతలు ఎవరైనా గీస్తారు. అలలు మీకొక్కరికే వస్తాయి." ఇప్పుడు అలల కేకుల కోసమే జనం వస్తున్నారట.

పోయినేడు నాకు నడుం పట్టేసి, లెన్సులు అరగదీసే మిషను దగ్గర నిలబడలేక ఏడుస్తూ ఇంటికి వచ్చాను. ఆయన "ఊ" అన్నారు. నాకు అలా "ఊ"తోనే సరిపెట్టారు, అలలూ లేవు గిలలూ లేవు.

కేకు రెండు ముక్కలు తిన్నాను. బాగుంది. అదే బాధ.

జూన్ 9, ఆదివారం

ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దడం నా పని. ఏడు గళ్ళు, గడికి నాలుగు అరలు. ఇవాళ సర్దుతూ సర్దుతూ అనేశాను. ముందు అనుకోలేదు. అనుకోలేదనే అనుకుంటున్నాను.

"మధ్యాహ్నం డాక్టరుగారు ఫోన్ చేశారండీ. పదకొండింటి మాత్ర పన్నెండున్నరకి వేసుకోమన్నారు. మూడుది నాలుగున్నరకి, రాత్రిది ఎనిమిదికి."

ఆయన డబ్బా వంక చాలాసేపు చూశారు. ఆ చూపు ఎప్పుడూ అంతే, అందులో చదవడానికి ఏమీ దొరకదు.

"సరే" అన్నారు.

ఆయన ఫోనులో అలారాలు నేనే మార్చాను. నా చెయ్యి వణికింది. ఈ ఇంట్లో అదొక్కటే తక్కువైంది.

నేను మాత్ర తగ్గించలేదు, పెంచలేదు. గంటన్నర జరిపాను. బస్సు గంటన్నర లేటయితే ఎవరైనా చస్తారా.

జూన్ 11, మంగళవారం

మధ్యాహ్నం నేను వచ్చేసరికి తలుపు ఆయనే తీశారు.

జూన్ 14, శుక్రవారం

నాలుగు రోజులుగా నాకు మొగుడున్నాడు.

ఒంటిగంటన్నరకి పరుగున వస్తున్నాను. పక్క మందుల షాపాయన అడిగేశాడు, ఇంట్లో పెళ్ళిచూపులా అమ్మా అని. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. చెంచా ఆయనే పట్టుకుంటున్నారు. నిన్న వీధి మలుపు దాకా నడిచి వచ్చాం. ఇవాళ బస్టాండు కబుర్లు చెప్పారు. ఒకసారి ఎవరిదో ఒంటి చెప్పు దొరికితే మైకులో ఏం చెప్పాలో తెలియక, "ఒక చెప్పు దొరికినది, కుంటుతూ వచ్చిన మొదటివారికి ఇవ్వబడును" అని చెప్పేశారట. అయిదు నిమిషాల్లో ముగ్గురు కుంటుతూ వచ్చారట. నవ్వి నవ్వి నాకు పొలమారింది. ఆయన నా వీపు మీద తట్టారు. ఆ చెయ్యి వణకలేదు.

మధ్యలో ఒకసారి ఫోను వైపు చెయ్యి చాచారు. నేను నారింజ తొన ఒలిచి ఆ చేతిలో పెట్టాను. తిన్నారు.

ఇది దొంగతనమా? నా ఇంట్లో వస్తువు నేను తీసుకుంటే దొంగతనమా?

జూన్ 16, ఆదివారం

పదకొండుంబావుకి ఆయన కొయ్యబారి ఉన్నారు. ఏడింటి మాత్ర ఎప్పుడో దిగిపోయింది, పన్నెండున్నర ఇంకా రాలేదు. ఇవాళ మానేయండి అన్నాను. తల అడ్డంగా ఊపారు. మెట్లన్నీ ఎక్కించేసరికి నాకు దేవుడు కనబడ్డాడు.

హాలు గుమ్మంలో ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ఈ జబ్బుకి గుమ్మమంటే పడదు. నేను వెనక నుంచి "అడుగెయ్యండి, అడుగెయ్యండి" అంటున్నాను. నేను అనే కొద్దీ బిగుసుకుపోతున్నారు. అప్పుడు కేకులావిడ లేచి వచ్చి, తన పాదం ఆయన పాదానికి అడ్డంగా పెట్టింది.

"నా కాలు దాటి రండి అన్నయ్యగారూ. తొక్కారంటే ఊరుకోను."

దాటారు. చులాగ్గా, చిన్న గుంట దాటినట్టు.

కూర్చున్నారు కానీ గొంతు లేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. వాళ్ళలో పెద్దవాడు గడియారాలు బాగుచేసే పెద్దాయన. డెబ్భై ఆరేళ్ళు, ఒంటరి మనిషి, చెవులు సరిగ్గా వినబడవు. "మైకు పాడైందా ఏమిటి ఇవాళ?" అని గట్టిగా అడిగాడు. మా ఆయన పెదవులు కదిపారు. కేకులావిడ వెళ్ళి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. విని, లేచి నిలబడి అందరికీ చెప్పింది.

"మైకు బాగానే ఉందట. కరెంటు లేదట. కరెంటు లేనప్పుడు కూడా బస్సులు నడుస్తాయట."

అందరూ చప్పట్లు కొట్టారు. గంటసేపూ అంతే. ఆయన ఊపిరి వదిలినట్టు ఏదో అనడం, ఆవిడ అది అందరికీ అందించడం.

నాకు ఆయన గుసగుస అర్థం కాదు. ఆవిడకి ఎలా అర్థమవుతోంది? మధ్యలో లేచి కిందకి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వాళ్ళ చప్పట్లు అక్కడికి కూడా వినబడ్డాయి.

జూన్ 18, మంగళవారం

పొద్దున్న గ్లాసు జారి పగిలిందట. ముక్కల మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నారట. ఎంతసేపని నేను అడగలేదు. మధ్యాహ్నం బాగానే ఉన్నారు. మధ్యాహ్నం బాగుంటున్నారు కదా.

జూన్ 21, శుక్రవారం

ఇవాళ కేకులావిడ షాపుకి వచ్చింది. దగ్గర చూపు మసకగా ఉందట, కొత్త అద్దాలు కావాలట. డాక్టరు చీటీ చేతిలో ఉంది. ఊళ్ళో ఇంకెక్కడా కళ్ళద్దాల షాపులు లేనట్టు.

"నమస్తే వదినగారూ" అంది.

కళ్ళద్దాలకి కొలత తీయాలంటే ఎదుటి మనిషి ముఖానికి జానెడు దూరంలో కూర్చోవాలి. కంటిపాపకీ కంటిపాపకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి చూడాలి. ఆవిడ తల సన్నగా ఊగుతోంది, స్కేలు నిలవడం లేదు. ఎడమచేత్తో ఆవిడ గడ్డం పట్టుకున్నాను. పట్టుకుని ఆ కళ్ళలోకి చూడాల్సి వచ్చింది. మామూలు కళ్ళు. కింద నల్లటి చారలు. నా కంటే పదేళ్ళు చిన్నదేమో.

"కదలకండి" అన్నాను. వెంటనే నాలుక కరుచుకున్నాను.

"అదొక్కటే నా వల్ల కాదు" అని నవ్వింది. తర్వాత అంది, "అన్నయ్యగారికి ఏమైంది వదినగారూ? రెండు వారాలుగా గొంతే రావట్లేదు."

"ఫోన్ చేస్తున్నారా?"

"రోజూ చేస్తున్నారు కదా. పదకొండున్నరకి. ఫోన్ ఎత్తితే ఊపిరి ఒక్కటే వినబడుతుంది. మొదటిరోజు భయపడ్డాను. ఇప్పుడు నేనే మాట్లాడతాను. ఇవాళ ఎన్ని కేకులు చేశాను, ఏది పాడుచేశాను, అన్నీ చెబుతాను. ఆయన వింటారు. ఇరవై నిమిషాలు ఉంటారు. గొంతు లేని రోజు కూడా ఫోన్ చేశారే అనుకుంటే, నాకు లేచి పని చేసుకోబుద్ధవుతుంది."

అరవై రెండు మిల్లీమీటర్లు. చీటీ మీద రాశాను. మళ్ళీ కొలిచాను, అరవై మూడు. మూడోసారి కొలిస్తే కానీ కుదరలేదు. ఆవిడ తల ఊగడం వల్ల కాదు.

మంచి గంటలు నేను లాక్కున్నాను. చెడ్డ గంటలు మిగిలితే, వాటిని తీసుకెళ్ళి ఆవిడకిచ్చారు. నా ముందు ఆ గంటల్లో గోడవైపు తిరిగే మనిషి, ఆవిడకి ఫోన్ చేసి ఊపిరి వినిపిస్తున్నారు. నాలుగేళ్ళుగా ఆ ఊపిరి పక్కనే పడుకుంటున్నాను నేను.

జూన్ 22, శనివారం

ఆవిడ కళ్ళద్దాలు తయారుచేశాను. కావాలని పాడుచేద్దామన్నంత కోపం వచ్చింది. చెయ్యలేదు. పని పని.

జూన్ 25, మంగళవారం

గడియారాల పెద్దాయన పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి పక్కింటివాళ్ళు చూశారట. అప్పటికి రెండు గంటలుగా నేల మీదే ఉన్నాడట.

ఎలా పడ్డాడని అడిగాను. తెలియదంది.

మా ఇంట్లో ఆ రెండింటికి మేం మామిడిపండు తినాలా, బొప్పాయి తినాలా అని వాదించుకుంటున్నాం.

జూన్ 26, బుధవారం

ఆసుపత్రికి వెళ్ళాం, ఇద్దరం. ఆయన పెద్దాయన మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"పడుకునే వాళ్ళకి ప్లాట్‌ఫాం మీద చోటు లేదన్నానా లేదా" అన్నారు. మధ్యాహ్నం కాబట్టి గొంతుంది.

పెద్దాయన ముఖం వెలిగింది. "ఏమయ్యా, మైకు బాగైందా? రెండు వారాలుగా నాకు ఫోనే చెయ్యలేదు నువ్వు."

"చేశాను బాబాయ్, రోజూ."

"నువ్వా? ఎవరో చేసి మాట్లాడకుండా ఊరుకుంటున్నారని పెట్టేశాను, వెధవలని తిట్టి మరీ."

తర్వాత నా వైపు తిరిగి చెప్పాడు, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు. "నేను మాత్ర ఈయన ఫోన్ వచ్చాకే వేసుకుంటానమ్మాయ్. పదకొండున్నరైందని ఈయన చెబితేనే నాకు పదకొండున్నర. ఇంట్లో నలభై గడియారాలున్నాయి, అన్నీ నేను బాగుచేసినవే. ఏదీ నమ్మబుద్ధి కాదు. ఈ రెండు వారాలూ ఎదురుచూసి ఎప్పుడో ఆలస్యంగా మింగేవాణ్ణి. నిన్నా అలాగే చూస్తూ కూర్చున్నా. కాళ్ళు బిగిసిపోయాయి. లేవబోయాను."

మా ఇద్దరి మధ్యలో పెద్దాయన మంచం ఉంది.

బస్సు గంటన్నర లేటయితే ఎవరైనా చస్తారా అని రాశాను ఇందులో. పేజీ తిప్పి చూశాను. నా రాతే.

జూన్ 27, గురువారం

ఇవాళ డాక్టరు దగ్గరికి. మూడు నెలలకోసారి మామూలుగా చూపించుకోవడానికే, రెండున్నరకి. మాత్రల సంగతి ఆటోలోనే ఆయనకి చెప్పేద్దామనుకున్నాను. గదిలోకి వెళ్ళాక చెప్పేద్దామనుకున్నాను.

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. ఏ గంటకి ఒళ్ళు ఎలా ఉందో రాసి తెమ్మని డాక్టరు ఎప్పుడూ అడుగుతారట. ఈయన ఎప్పుడూ రాస్తారట. నాకు తెలియదు. చీమలు పాకినంత సన్నటి అక్షరాలు. పూర్వం ఆయన చేతిరాత గోడమీద ప్రకటనలా ఉండేది.

డాక్టరు భూతద్దం పెట్టుకుని చదివారు. ముఖం చిట్లించారు.

"పొద్దున్న మాత్రకీ తర్వాత మాత్రకీ మధ్య అయిదున్నర గంటలా? పదకొండుది పన్నెండున్నరకి ఎవరు మార్చారండీ?"

నేను నోరు తెరిచాను.

"నేనే సార్" అన్నారాయన. గదంతా వినబడేలా. "మధ్యాహ్నం మా ఆవిడ ఇంట్లో ఉంటుంది."

డాక్టరు మందలించారు. అన్నేసి గంటలు మందు లేకుండా ఉంటే పడిపోతారన్నారు. మళ్ళీ పదకొండుకే వేసుకోమన్నారు, మిగతావి పాత వేళలకే. ఆయన బుద్ధిగా తల ఊపారు. నేను గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను, ఏ నెలో కూడా కనబడలేదు.

ఇంటికి వచ్చాక అడిగాను, "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆరోజే. డాక్టరు ఆదివారం ఫోన్ చెయ్యడే."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోవడానికి కొంచెం సేపు పట్టింది. "నాలుగేళ్ళలో నువ్వు నన్ను ఏమీ అడగలేదు. చేసిపెట్టావు, మోశావు, తుడిచావు. అడిగింది అదే మొదలు. అదీ అబద్ధమాడి అడిగావు."

"ఆ పెద్దాయన తుంటి విరిగింది."

"సగం నాది ఆ తప్పు. గొంతు రావట్లేదని తెలిసీ, నా బదులు నువ్వు చెయ్యమని ఎవరికీ చెప్పలేదు. నేనొక్కణ్ణే చెయ్యాలని గొప్ప."

అప్పుడు నా నోట్లోంచి అది వచ్చేసింది. ఆ పెద్దాయన గురించి ఏడవాల్సిన టైములో, సిగ్గు లేకుండా అదే వచ్చింది.

"గొంతు రానప్పుడు కేకులావిడకి ఫోన్ చేస్తారు. నేను పక్కనే ఉంటే గోడవైపు తిరుగుతారు. నేనేం పాపం చేశాను?"

మాత్ర దిగుతోంది. ముఖం మెల్లమెల్లగా గట్టిపడుతోంది. నేను దగ్గరికి జరిగి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను, ఆవిడ పెట్టినట్టు.

"ఆవిడకీ ఆ జబ్బే" అన్నారు. చాలాసేపు ఊపిరి. "నువ్వు పెళ్ళాడింది మైకు మనిషిని. వీణ్ణి నీకు చూపించడానికి నాకు సిగ్గు."

అర్థమైంది. ఒక్క మాట కూడా పోకుండా అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను మూడు అడుగుల దూరంలో నిలబడి ఏమన్నారండీ అని అరిచాను.

"నాకు చూపించండి" అన్నాను. "ముందు నాకు. ఆ తర్వాతే ఎవరికైనా."

జూన్ 29, శనివారం

కేకులావిడకి ఫోన్ చేసి చెప్పాను, మాత్ర జరిపింది నేనేనని. కళ్ళద్దాలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు చెప్పొచ్చు, కానీ ఆ కళ్ళు ఎదురుగా ఉంటే చెప్పలేను.

ఆవిడ అంది, "నేనైతే పొద్దున్నది కూడా జరిపేదాన్నేమో వదినగారూ." ఆ వెంటనే, "పెద్దాయనకి చెప్పారా?" అని అడిగింది.

ఆ రెండోది అడగకుండా ఉంటే ఆవిణ్ణి సుఖంగా అసహ్యించుకునేదాన్ని.

జూలై 1, సోమవారం

ఆసుపత్రికి వెళ్ళి పెద్దాయనకి చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ, వినబడనట్టు ఉండిపోయాడు. నిజంగా వినబడలేదో, వినదలుచుకోలేదో తెలియదు. మళ్ళీ గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వచ్చేటప్పుడు, "రేపు పదకొండున్నరకి ఫోన్ చెయ్యమను అతన్ని" అన్నాడు. "నర్సు చెబితే నేను మింగను."

జూలై 2, మంగళవారం

పాత వేళలు, పాత గోడ. మధ్యాహ్నం వచ్చేసరికి పడుకుని ఉన్నారు. కానీ ఇటువైపు తిరిగి.

జూలై 4, గురువారం

పది దాటి ఇరవై నిమిషాలకి షాపులో నా ఫోను మోగింది. ఆయన పేరు.

ఎదురుగా ఒకాయన అద్దాల కొలతకి కూర్చుని ఉన్నాడు. "ఏమండీ, పడ్డారా?" అన్నాను. జవాబు లేదు. ఊపిరి. పొడుగ్గా ఒకటి, చిన్నగా ఒకటి, మధ్యలో గొంతు గీరుకున్న చప్పుడు. ఏడింటి మాత్ర దిగిపోయి, పదకొండింటిది ఇంకా రాని వేళ.

గట్టిగా మాట్లాడండి అనబోయి ఆగిపోయాను.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పని మొదలుపెట్టాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. కళ్ళ ముందున్నదే చెప్పాను. "ఇదిగో ఒకాయన కూర్చున్నారండీ. చెవులు రెండూ ఒక ఎత్తులో లేవు. ఫ్రేము ఏది పెట్టినా ఒక పక్కకి వాలుతోంది." కూర్చున్నాయన తన చెవులు తడుముకున్నాడు. అటువైపు ఊపిరి ఒక్కసారి ఎగిరిపడింది. అది నవ్వని నాకు తెలిసింది. ఇంకా చెప్పాను. నిన్న మిషను ఎలా మొరాయించిందో, పక్క మందుల షాపాయన నన్ను ఏమన్నాడో, సాయంత్రం వచ్చేటప్పుడు ఏం తేవాలో. పోయినేడు నడుం పట్టేసినప్పుడు ఆయన "ఊ" అన్నందుకు నాకెంత కోపం వచ్చిందో, అది కూడా చెప్పేశాను. ఆ అద్దాలాయన పాపం కదలకుండా అన్నీ విన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే, కొలత కుదరలేదా అమ్మా అని అడిగాడు. కుదిరిందన్నాను.

ఫోను ఆయనే పెట్టేశారు. ఎంతసేపు ఉన్నారో చూశాను. పధ్నాలుగు నిమిషాలు.

కేకులావిడతో ఇరవై ఉండేవారు.